కర్త లేని పాట అనే కట్టుకథ: చేర్యాల పటం, స్వతంత్ర జానపద బృందాలు, మన నిర్వచనం

వ్యాస సంగ్రహం

జానపద గేయాన్ని 'కర్త తెలియనిది' అని నిర్వచించే అలవాటు తెలుగు శాఖల్లో ఇంకా కొనసాగుతోంది. ఈ ఒక్క లక్షణం రెండు అన్యాయాలకు దారితీస్తోందని ఈ వ్యాసం వాదిస్తుంది. మొదటిది, పేరున్న గాయకులు, రచయితలు కట్టుకుంటున్న నేటి స్వతంత్ర జానపద గీతాన్ని పరిశోధన పరిధి బయట నిలబెట్టడం. రెండవది, పేరున్న కళాకారుల పాటను 'ఎవరిదీ కాదు' అని ప్రకటించి, ఎవరైనా తీసుకుపోవడానికి దారి చూపడం. చేర్యాల పటం కథా సంప్రదాయం సాక్ష్యంగా ఆ లక్షణాన్ని వదులుకోవాలని, కొత్త బృందాల పాటను సాహిత్యవిమర్శ ప్రమాణాలతో చదవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: చేర్యాల పటం, ఆశ్రితకులాలు, మిరాశి, స్వతంత్ర జానపద సంగీతం, కర్తృత్వం, పాఠాంతరం.

1. ప్రతిపాదన

జానపద సాహిత్యం పరీక్షాపత్రాల్లో తరచుగా కనిపించే ప్రశ్న ఒకటుంది: జానపద గేయ లక్షణాలను వివరించండి. దానికి విద్యార్థులు రాసే జవాబు కూడా స్థిరపడిపోయింది. కర్త తెలియదు, మౌఖికంగా ప్రచారమవుతుంది, సమూహానికి చెందుతుంది, పాఠాంతరాలు ఉంటాయి. ఈ నాలుగింటిలో చివరి మూడింటితో ఈ వ్యాసానికి పెద్ద పేచీ లేదు. పేచీ అంతా మొదటిదానితోనే.

పాట పుట్టిన చోట కర్త ఎప్పుడూ ఉన్నాడు, ఉంది. నాటుకూలీల్లో పాట ఎత్తుకునే ఆమె ఎవరో ఆ బంతికంతటికీ తెలుసు. ఒగ్గు కథకుడు ఏ గురువు దగ్గర కథ నేర్చాడో ఆ కథకులకు తెలుసు. తెలియనిది సేకర్తకు. ఆయన అడగలేదు, లేదా అడిగినా రాసుకోలేదు. సేకర్త అజ్ఞానాన్ని పాట లక్షణంగా మార్చి, తరతరాల విద్యార్థుల చేత వల్లె వేయిస్తున్నాం.

ఇది పాత తగాదా, ఇప్పుడెందుకు అని అడగవచ్చు. ఇప్పుడు దీని అవసరం పెరిగింది. గత పదేళ్ళలో తెలుగునాట, ముఖ్యంగా తెలంగాణలో, సినిమా నిర్మాతల ప్రమేయం లేకుండా తామే పాట కట్టి, తామే రికార్డు చేసి, యూట్యూబ్‌లోనో వేదికల మీదనో వినిపించే గాయకులు, బృందాలు పెద్ద సంఖ్యలో వచ్చారు. హైదరాబాదులో గిటారు, డ్రమ్ములతో పాడే 'చౌరస్తా' వంటి బ్యాండ్లు ఒక వైపు ఉన్నాయి. జిల్లా కేంద్రాల్లోని చిన్న స్టూడియోల్లో తయారై 'ఫోక్ సాంగ్స్' అన్న పేరుతో చలామణి అవుతున్న పాటలు మరో వైపు ఉన్నాయి. ఈ రెండింటినీ కలిపి ఈ వ్యాసంలో 'స్వతంత్ర జానపద సంగీతం' అంటున్నాను. బ్యాండు అన్న మాటకు ఉలిక్కిపడనవసరం లేదు. పెళ్ళి ఊరేగింపు ముందు నడిచే బ్యాండు మేళం మన ఊళ్ళకు ఏనాటి నుంచో తెలుసు.

ఈ పాటల మీద పరిశోధన చేస్తామనే విద్యార్థికి శాఖల్లో ఎదురయ్యే ప్రశ్న ఒకటే: 'ఇది జానపదమెలా అవుతుంది? రాసినవాడి పేరు ఉందిగా!' పేరు ఉండటం ఒక పాటకు అనర్హత ఎలా అయింది? దీనికి సమాధానం వెతకడానికి చేర్యాల వెళ్ళాలి.

2. చేర్యాల సాక్ష్యం

2016 జిల్లాల పునర్విభజనకు ముందు వరంగల్ జిల్లాలో, తర్వాత సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాల పేరు వినగానే నకాషి చిత్రాలు గుర్తుకు వస్తాయి. ఖద్దరు గుడ్డకు గంజి, తెల్లసుద్ద, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూత పూసి, ఎర్రని నేల మీద అరలు అరలుగా బొమ్మలు వేసిన పొడవాటి పటం అది. దాన్ని గోడకు తగిలించుకోవడానికి తయారు చేయలేదు. పాడడానికి తయారు చేశారు. కథకుడు పటాన్ని విప్పి, కర్రతో ఒక్కొక్క అరను చూపుతూ, వంతపాటగాళ్ళతో కలిసి రాత్రుల తరబడి కులపురాణం చెప్పేవాడు. పటం ఆ పాటకు చూపు, పాట ఆ పటానికి నోరు.

ఎవరు ఎవరికి పాడాలన్నది అక్కడ ఇష్టానుసారం జరిగే పని కాదు. కాకిపడగల వారు ముదిరాజులకు పాడతారు. కూనపులి వారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు. డక్కలి వారు మాదిగలకు జాంబపురాణం వినిపిస్తారు. గొల్లలకు మందెచ్చుల వారు బొమ్మలు పెట్టి కాటమరాజు కథ చెబుతారు. ఆశ్రితకులాలుగా పరిశోధకులు పిలిచే ఈ గాయకులకు ఊళ్ళ మీద మిరాశి హక్కులు ఉన్నాయి. ఫలానా ఊళ్ళో ఫలానా కుటుంబమే పాడాలి. వచ్చే ప్రతిఫలానికి 'త్యాగం' అని పేరు. అన్నదమ్ములు విడిపోతే ఊళ్ళను పంచుకున్నారు. అవసరం పడితే ఆ హక్కును కుదువ పెట్టుకున్నారు. ఒకరి ఊళ్ళో మరొకరు పటం విప్పితే కులపంచాయితీలో తగవు తీర్చుకున్నారు.

ఈ వివరాలన్నీ కొత్తవి కావు. ఆశ్రితకులాలపై మన విశ్వవిద్యాలయాల్లో వచ్చిన పరిశోధనలన్నింటిలోనూ కనిపిస్తాయి. ఆశ్చర్యం ఎక్కడంటే, ఈ వివరాలు సేకరించిన మనమే వీటి పక్కన 'కర్త లేడు, సమూహానిది' అన్న వాక్యాన్ని పెట్టి ఊరుకున్నాం. కథకు, పాటకు, పాడే ఊరికి, వినే కులానికి ఇంత కచ్చితమైన హక్కుపత్రం లాంటి ఏర్పాటు ఉన్న సంప్రదాయాన్ని 'ఎవరిదీ కానిది' అనడం ఏ తర్కానికి నిలుస్తుంది? ఈ హక్కుల ఏర్పాటు కులవ్యవస్థ లోపలిదే. దాన్ని ఆదర్శంగా చూపించడం నా ఉద్దేశం కాదు. పాటకు యజమాని ఉండటమనే భావన పల్లెకు పరాయిది కాదని చెప్పడమే ఉద్దేశం.

చేర్యాల ఇచ్చే రెండవ సాక్ష్యం ఇంకా పదునైనది. పటం కథలు వినే పోషకులు తగ్గిపోయాక నకాషి చిత్రకారులు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పొడవాటి పటాన్ని గోడకు తగిలించే చిన్న చట్రంలోకి కుదించారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి, కొబ్బరిచిప్పల మీద మాస్కులు చేశారు. పురాణ దృశ్యాల పక్కన ఊరి బతుకును, పండుగలను, పనిపాటలను బొమ్మలుగా వేశారు. ఆ కళ ఇలా బతికింది. దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఈ మార్పును మనం కల్తీ అనలేదు. కళాకారుల నేర్పు అన్నాం, సభల్లో అతిథులకు ఆ మాస్కులను జ్ఞాపికలుగా ఇస్తున్నాం.

పాట దగ్గరికి వచ్చేసరికి మన కొలత మారిపోతోంది. ఒగ్గు దరువుకు గిటారు కలిపిన యువకుడిని చూస్తే 'జానపదాన్ని పాడు చేస్తున్నాడు' అంటాం. ముప్పై అడుగుల పటం అడుగున్నర చట్రం కావడం నేర్పు అయినప్పుడు, రాత్రంతా సాగే కథ నాలుగు నిమిషాల పాట కావడం మాత్రం ద్రోహం ఎలా అవుతుంది? రెంటికీ కారణం ఒకటే: పోషించే సమూహం మారింది, దాని తీరిక మారింది.

చట్టం కూడా ఈ చీలికను స్థిరపరిచింది. 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం 'వస్తువుల'కు వర్తిస్తుంది. హస్తకళ వస్తువు కాబట్టి దానికి రక్షణ దొరికింది. పాట వస్తువు కాదు కాబట్టి దానికి దొరకలేదు. ఒకే సంప్రదాయంలోని గుడ్డకు పత్రం దక్కి, గొంతుకు దక్కకుండా పోయింది. ఆ గొంతు తరఫున మాట్లాడవలసిన శాస్త్రం మనది. మనం మాత్రం 'దానికి కర్త లేడు' అని వాంగ్మూలం ఇచ్చి వచ్చాం.

ఇక మూలపాఠం పవిత్రత గురించి. పటం బాగా జీర్ణమైపోయాక ఆ గాయకులు దాన్ని పెట్టెలో భద్రం చేసుకోలేదు. శాస్త్రోక్తంగా నీటిలో నిమజ్జనం చేసి, కొత్త పటం రాయించుకున్నారు. పాతదాన్ని సాగనంపి కొత్తదాన్ని ఆహ్వానించడం ఆ సంప్రదాయంలోని విధి. అచ్చమైన మూలాన్ని గాజుపెట్టెలో నిలపాలన్న కోరిక మ్యూజియాలది, మనది. పాడేవారిది కాదు.

3. నిర్వచనం ఎక్కడ నిలవదు

అంతర్జాతీయ జానపద విజ్ఞానం ఈ ప్రశ్నను ఎప్పుడో తేల్చుకుంది. మౌఖిక కావ్యగాయకుల మీద ఆల్బర్ట్ లార్డ్ 1960లో ప్రకటించిన గ్రంథం ప్రధానంగా చెప్పింది, గాయకుడు కంఠస్థం చేసింది అప్పజెప్పడని, పాడుతున్న ప్రతిసారీ కొత్తగా కూర్చుతాడని. అంటే ప్రతి గాయకుడూ ఒక కర్తే. 1971లో డాన్ బెన్-ఆమోస్ జానపదాన్ని చిన్న సమూహాల నడుమ జరిగే కళాత్మక వ్యవహారంగా నిర్వచించి, ప్రాచీనతను, అజ్ఞాతకర్తృత్వాన్ని అవసరమైన లక్షణాల జాబితా నుంచి తప్పించారు. ఈ ఇద్దరి పేర్లూ మన సిద్ధాంత గ్రంథాల మొదటి అధ్యాయాల్లో కనిపిస్తాయి. రెండవ అధ్యాయానికి వచ్చేసరికి 'కర్త తెలియదు' అన్న వాక్యం యథాతథంగా తిరిగి వస్తుంది. సిద్ధాంతం పీఠికకు పరిమితమైన అలంకారమైపోయింది.

పరాయి సిద్ధాంతాలు వద్దనుకుంటే మన చరిత్రే చాలు. చేర్యాలకు పొరుగున ఉన్న జనగామ జిల్లా పాలకుర్తి పాల్కురికి సోమనాథుని ఊరు. పండితారాధ్య చరిత్రలో ఆయన తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, ఆనంద పదాలు, శంకర పదాలు, నివాళి పదాలు, వాలేశు పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు అని పేర్కొన్నాడు. తెలుగు జానపద గేయ చరిత్ర రాసేవారంతా ఈ పట్టికతోనే మొదలుపెడతారు. ఆ పట్టికలోని పాటలు సోమనాథుని నాటికి ప్రాచీనాలు కావు. శ్రీశైలం వెళ్ళే భక్తజనం తన కాలంలో పాడుకుంటున్న పాటలను ఆయన గ్రంథస్థం చేశాడు. తన కాలపు గొంతును వినగలగడమే ఆయన గొప్పతనం. ఆయన్ను ఆద్యుడిగా చెప్పుకునే మనం మన కాలపు గొంతును వినకపోవడం ఎలాంటి వారసత్వం?

ఆధునిక కాలంలోనూ ఇంతే. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బిరుదురాజు రామరాజు జానపద గేయ సాహిత్యంపై పరిశోధన చేసి, 1958లో ఆ గ్రంథాన్ని ప్రచురించేనాటికి జానపద గేయం విశ్వవిద్యాలయ పరిశోధనకు కొత్త. తలుపు తెరిచినవారి పేరు తలచుకుంటూ ఆ తలుపుకే గడియ పెట్టడం తగదు.

ఇవాళ సిలబస్‌లో 'సంప్రదాయ జానపద కళ'గా ఉన్న బుర్రకథ సంగతి చూద్దాం. 1940లలో ప్రజానాట్యమండలి వేదిక మీద షేక్ నాజర్, ఆయన సహచరులు జంగం కథను మలిచి దానికి నేటి రూపం ఇచ్చారు. ఆ రోజుల్లో అది సరికొత్త ప్రయోగం, అందులోనూ పేరున్న కళాకారుల ప్రయోగం. అదే కాలంలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను తెలంగాణ సాయుధ పోరాటానికి పనిముట్టుగా మార్చారు. 1972లో ఏర్పడిన జననాట్యమండలి ఒగ్గుకథను, వీధిభాగోతాన్ని మరోసారి కొత్త అవసరానికి వాడుకుంది. చేర్యాల పక్కనున్న మద్దూరు మండలం రేబర్తిలో పుట్టిన అందెశ్రీ బడి చదువు లేకుండానే పాట కట్టారు. ఆయన పాట 2024లో రాష్ట్రగీతమైంది. వీరందరి పేర్లూ మనకు తెలుసు. వీరి పాటలు మౌఖికంగా వ్యాపించాయి, పాఠాంతరాలు పొందాయి, సమూహం సొంతం చేసుకుంది. పేరు తెలియడం వల్ల వాటి జానపదత్వానికి ఏ లోటూ రాలేదు. వాటికి 'ఉద్యమగీతం' అనే గది దొరికింది కాబట్టి మన వర్గీకరణకు ఇబ్బంది కలగలేదు. కొత్త బృందాల పాటకు అలాంటి గది లేదు కాబట్టి గుమ్మం బయటే నిలబెట్టాం.

4. 'ఎవరిదీ కాదు' అనడం వల్ల జరిగే నష్టం

సిద్ధాంతంలో తప్పు సిద్ధాంతంలోనే ఆగితే ఇంత గట్టిగా వాదించవలసిన పని లేదు. 'ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది' అన్న సామెత పాటకూ వర్తిస్తుంది. అందరిదీ అన్నదాన్ని ఎవరూ కాపాడరు. చేతికి అందినవాడు తీసుకుపోతాడు. పాట కింద 'సంప్రదాయ గీతం' అని రెండు మాటలు రాస్తే చాలు, సొంతదారులు ఎవరని అడిగేవారుండరు. అత్తసొమ్ము అల్లుడు దానం చేసిన చందంగా జానపదుల సొమ్మును 'సంప్రదాయం' పేరిట పంచిపెట్టే అధికారం ఆ మాటకు మన పాఠ్యపుస్తకాలే ఇచ్చాయి.

2021లో 'లవ్ స్టోరీ' చిత్రంలో వచ్చిన 'సారంగ దరియా' పాట విషయంలో జరిగిన చర్చ దీనికి ఉదాహరణ. పల్లవి జానపదుల నుంచి వచ్చిందని రచయిత సుద్దాల అశోక్‌తేజ బహిరంగంగానే చెప్పారు. ఆ పాటను అంతకు ముందు టెలివిజన్ కార్యక్రమంలో పాడి ప్రచారంలోకి తెచ్చిన గాయనికి దక్కవలసిన గుర్తింపు గురించి వాదోపవాదాలు జరిగాయి. సేకర్తకు ఏ హక్కు ఉంటుంది? పాడి నిలిపినవారికి ఏ హక్కు ఉంటుంది? పల్లవిని విస్తరించిన కవి హక్కు ఎంతవరకు? ఇవి జానపద విజ్ఞానం తేల్చవలసిన ప్రశ్నలు. వాటిని టీవీ చర్చలకు వదిలేసి మనం 'పాఠాంతరాలు సహజం' అని రాసుకుని కూర్చున్నాం.

దీనికి భిన్నమైన ఉదాహరణ కూడా ఉంది. 2023లో వచ్చిన 'బలగం' చిత్రం పతాక సన్నివేశంలో బుడగజంగాల కళాకారులైన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు తామే తెర మీదికి వచ్చి పాడారు. ఆ పాట విన్నవారికి వారి పేర్లు తెలిశాయి. ఊరూరా ఆ చిత్రాన్ని కలిసి చూసి కన్నీరు పెట్టుకున్నవారు ఆ పేర్లను గుర్తుపెట్టుకున్నారు. 2024 చివర మొగిలయ్య మరణించినప్పుడు పత్రికలు ఆయన పేరుతోనే నివాళి రాశాయి. పేరు చెప్పడం వల్ల ఆ పాట జానపదత్వం ఏమీ తగ్గలేదు. మనిషికి గౌరవం మాత్రం పెరిగింది.

మన చట్టం కూడా మన నిర్వచనం కన్నా ఉదారంగా ఉంది. కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రదర్శకుల హక్కును గుర్తించింది. ఆ చట్టం ప్రకారం 'ప్రదర్శకుడు' అంటే గాయకుడు, వాద్యకారుడు మాత్రమే కాదు, గారడీ చేసేవాడు, పాములాడించేవాడు కూడా. పాములవాణ్ణి చట్టం హక్కుదారుగా చూస్తున్నప్పుడు, ఒగ్గు కథకుణ్ణి మనం 'వక్త' అనే పేరుతో, అదీ వయసు, ఊరు మాత్రమే రాసి, అనుబంధంలోకి నెట్టేస్తున్నాం.

5. కొత్త పాటను ఎలా చదవాలి

స్వతంత్ర బృందాల పాటల్లో సాహిత్యం లేదన్నది తరచుగా వినబడే ఆక్షేపణ. చదవకుండా చేసే ఆక్షేపణ ఇది. శీర్షికల దగ్గరే ఆగినా చెప్పుకోదగ్గవి కనిపిస్తాయి.

చౌరస్తా బృందం పాడిన 'ఊరెళ్ళిపోతా మామా' అన్న పాటను తీసుకుందాం. జానపద గేయంలో మామ, బావ, వదిన, అక్క అన్న సంబోధనలు పాటను నడిపించే ఇరుసులు. 'మామా' అంటే పాటలో వరసైనవాడు, సరసానికీ తగవుకూ హక్కున్నవాడు. నగర యువకుల మాటల్లో ఇదే 'మామా' స్నేహితుణ్ణి పిలిచే పిలుపు. ఈ పాటలో సంబోధన ఈ రెండు అర్థాల నడుమ నిలుస్తుంది. నగరంలో చుట్టరికం లేని చోట చుట్టరికపు పిలుపు మిగలడమే ఆ పాటలోని దుఃఖం. వలసపోయినవాడు ఇంటిని తలచుకోవడం మన పాటకు పాత వస్తువు. 'వెళ్ళిపోతా' అన్న సంకల్పరూపం దానికి కొత్త ముగింపు. దానికి తోడైన రెగ్గే లయ జమైకా నుంచి వచ్చింది. అక్కడ కూడా అది పట్నం చేరిన పేదల పాటగానే ఎదిగింది. లయ ఎంపికలో అర్థం ఉందని గుర్తించడానికి విమర్శకుడికి ఇంతకన్నా ఏం కావాలి?

2021లో వచ్చిన 'బుల్లెట్టు బండి' పాటకు రచయిత లక్ష్మణ్, గాయని మోహన భోగరాజు. పెళ్ళికూతురు వరుణ్ణి ఉద్దేశించి పాడే పాట అది. మన అప్పగింతల పాటల్లో మాట్లాడేది ఎక్కువగా తల్లి, ముత్తైదువలు. వధువు తలదించుకుని వింటుంది. ఇక్కడ వధువే నోరు విప్పింది. అదే ఏడాది ఒక పెళ్ళి బరాత్‌లో వధువు ఆ పాటకు ఆడిన దృశ్యం ప్రచారమయ్యాక, ఊరూరా పెళ్ళి ఊరేగింపుల్లో అది మారుమోగింది. ఒక పాట నిర్దిష్ట సందర్భానికి కట్టుబడి, ఆ సందర్భంలో తప్పక వినబడేదిగా మారడాన్ని జానపద విజ్ఞానం 'ప్రయోజనం' అని పిలుస్తుంది. ఈ పాట ఆ ప్రయోజనాన్ని నెలల వ్యవధిలో సాధించింది. రాసినవారి పేరు తెలిసీ సాధించింది.

2025లో రాము రాథోడ్ పాటగా మారుమోగిన 'రాను బొంబాయికి రాను' కూడా ఇలాగే ఆలోచింపజేస్తుంది. బొంబాయి వలస తెలంగాణ పల్లె పాటలో ఎంతో కాలంగా ఉన్న వస్తువు. ఈ పాట శీర్షికలోనే నిరాకరణ ఉంది. పోయినవాడి కోసం ఎదురుచూసే పాట నుంచి, పోనని ఎదురుచెప్పే పాట దాకా జరిగిన ప్రయాణం మీద ఒక సిద్ధాంత వ్యాసమే రాయవచ్చు.

వీటిని మెచ్చుకోవడమంటే అన్నిటికీ తలూపడం కాదు. ఈ పాటల్లో తప్పులు చాలా ఉన్నాయి. ఒకే దరువును మార్చి మార్చి వాడుకోవడం, మరదలి నడకను, నడుమును వర్ణించడం దగ్గరే ఊహ ఆగిపోవడం, గొంతులోని గరుకుదనాన్ని యంత్రంతో తుడిచేయడం, పక్క ఊరి గాయని పల్లవిని చెప్పకుండా తీసుకోవడం రోజూ కనిపించేవే. వీటిని ఎత్తిచూపాలంటే ముందు వీటిని విమర్శకు అర్హమైనవిగా గుర్తించాలి. గుమ్మం బయట ఉన్నదాన్ని ఎవరూ విమర్శించరు, తిడతారు. మన మౌనం వల్ల ఈ పాటలకు మిగిలిన ఏకైక కొలత వీక్షణల సంఖ్య. మంచి పాటనూ మూస పాటనూ విడదీసి చూపే పని విమర్శకుడు చేయకపోతే, ఆ పని యూట్యూబ్ లెక్క చేస్తుంది.

6. పూర్వపక్షాలు

మొదటి పూర్వపక్షం వాద్యాలది. గిటారు, కీబోర్డు చేరితే జానపదం కాదంటారు. హార్మోనియం ఐరోపా నుంచి వచ్చిన వాద్యం. ఇవాళ భజన మండలిలో, చిందు యక్షగానంలో దాన్ని పరాయిదని ఎవరూ అనరు. వాద్యం పుట్టుక ఎక్కడన్నది పాట స్వభావాన్ని నిర్ణయించదు. అది పాటకు చోటిస్తుందా, పాటను మింగేస్తుందా అన్నది మాత్రం అడగవలసిన ప్రశ్న.

రెండవది వ్యాపారం. డబ్బు కోసం పాడే పాట జానపదం కాదంటారు. త్యాగం తీసుకోకుండా కూనపులి వారు ఏనాడు పటం విప్పారు? చేర్యాలకు దగ్గరలోనే ఉన్న కొమురవెల్లి మల్లన్న సన్నిధిలో పట్నం వేసి కథ చెప్పే ఒగ్గు పూజారికి సంభావన లేకుండా ఏ జాతర గడిచింది? జానపదుడు ఉచితంగా పాడాలన్న కోరిక నెలజీతం తీసుకునే మనకు తగదు.

మూడవది అన్నిటికన్నా బలమైనది. నగరంలో చదువుకున్న యువకులు, కులవృత్తిగా పాడేవారి బాణీలను తీసుకుని పేరు, డబ్బు సంపాదిస్తున్నారని, ఇది మరో దోపిడి అని అంటారు. ఈ మాటలో నిజం ఉంది. అందుకే కర్తృత్వాన్ని నొక్కి చెప్పవలసి వస్తోంది. బాణీ ఎవరిదో, ఏ ఊళ్ళో ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పని బృందాన్ని నిలదీయాలంటే, 'ఇది ఎవరిదీ కాదు' అన్న వాక్యం మన నోట ఉండకూడదు. ఇరుగుపొరుగు అనుభవాలు ఇక్కడ పనికివస్తాయి. కన్నడంలో రఘు దీక్షిత్ బృందం శిశునాళ షరీఫ్ తత్త్వాలను గిటారు మీద పాడినప్పుడు కవి పేరుతోనే పాడింది. దానివల్ల షరీఫ్ కొత్త తరానికి చేరాడు. చెన్నైలో పా. రంజిత్ చొరవతో 2018లో తొలి ప్రదర్శన ఇచ్చిన 'ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' బృందంలో గానా పాడేవారే వేదిక మీద నిలిచారు. కులాన్ని దాచకుండా, కులం గురించే పాడారు. దోపిడికి విరుగుడు పాటను ఆపేయడంలో లేదు, పాడేవారిని వేదిక మీదికి తేవడంలో ఉంది.

నాలుగవది కాలానికి సంబంధించినది. 'ఇవి నిలుస్తాయో లేదో చూద్దాం, నిలిచాక పరిశోధిద్దాం' అంటారు. సోమనాథుడు అలా అనుకుని ఉంటే తుమ్మెద పదాల పేరు కూడా మనకు మిగిలేది కాదు. పైగా ఇవాళ్టి పాట నిన్నటి పాట కన్నా త్వరగా మాయమవుతుంది. ఛానల్ మూతపడితే పాట పోతుంది. దాని కింద శ్రోతలు రాసుకున్న వ్యాఖ్యలు, ఇతరులు కట్టిన అనుకరణలు, పేరడీలు పోతాయి. ఇవన్నీ ఈ కాలపు పాఠాంతరాలు. వీటిని భద్రపరచే పని ఎవరూ చేయకపోతే, యాభై ఏళ్ళ తర్వాత మరో సేకర్త వచ్చి 'కర్త తెలియదు' అని మళ్ళీ రాసుకుంటాడు.

7. చేయవలసినవి

ఈ వాదం నుంచి తెలుగు శాఖలు చేయగలిగిన పనులు నాలుగు కనిపిస్తున్నాయి.

ఒకటి, జానపద గేయ లక్షణాల నుంచి 'కర్త తెలియదు' అన్నదాన్ని తొలగించి, ఆ స్థానంలో 'కర్తృత్వం పంచుకోబడుతుంది' అన్నదాన్ని చేర్చాలి. కట్టినవారు, పాడి నిలిపినవారు, మార్చినవారు, సేకరించినవారు అనే నాలుగు పాత్రలను విడివిడిగా గుర్తించడం విద్యార్థికి నేర్పాలి.

రెండు, క్షేత్రపరిశోధనలో వక్తల పేర్లను, వారి అనుమతితో, పాట శీర్షిక పక్కనే ముద్రించాలి. అనుబంధంలో ఇచ్చే వక్తల పట్టిక దీనికి సరిపోదు. పేరు వద్దన్నవారి ఇష్టాన్ని కూడా గౌరవించాలి. అడగడం మాత్రం మానకూడదు.

మూడు, స్వతంత్ర జానపద గీతాలను ఎం.ఏ. స్థాయిలో ఒక యూనిట్‌గా ప్రవేశపెట్టాలి. వాటికి మూడు ప్రశ్నలు వేయాలి. ఈ పాట ఎవరి దగ్గర నుంచి ఏం తీసుకుంది, ఆ సంగతి చెప్పిందా? తీసుకున్నదానికి ఏం చేర్చింది? విన్నవారు దానితో ఏం చేస్తున్నారు? ఈ మూడింటికీ జవాబు చెప్పగలిగితే గొప్ప పాటనూ, మూస పాటనూ వేరుచేయడం కష్టం కాదు.

నాలుగు, తెలుగు విశ్వవిద్యాలయం వరంగల్‌లో నడుపుతున్న జానపద గిరిజన విజ్ఞానపీఠం వంటి సంస్థల సేకరణల్లో డిజిటల్ గీతాలకు, వాటి పాఠాంతరాలకు చోటు కల్పించాలి. పటం కథకులను, బ్యాండు గాయకులను ఒకే సదస్సులో, ఒకే పారితోషికంతో, ఒకే వేదిక మీద కూర్చోబెట్టాలి. వారిద్దరి మధ్య జరిగే సంభాషణ మన పత్రసమర్పణల కన్నా ఎక్కువ నేర్పుతుంది.

8. ఉపసంహారం

చేర్యాలలో పటానికి రంగు వేసే చేతులు ఇంకా ఉన్నాయి. పటం ముందు నిలబడి పాడే గొంతులు ఏటేటా తగ్గుతున్నాయి. ఆ గొంతుల పిల్లలు, మనుమలు పాట మానేయలేదు. వారిలో కొందరు ఫోనులో రికార్డు చేస్తున్నారు, కొందరు స్టూడియోల్లో పాడుతున్నారు, కొందరు బ్యాండ్లలో డోలు వాయిస్తున్నారు. తాత పాడినప్పుడు 'కర్త తెలియదు' అని ఆయన పేరు రాయలేదు. మనుమడు పాడుతున్నప్పుడు 'కర్త తెలుసు' అని ఆ పాటను కాదంటున్నాం. పేరు లేకపోతే ఆస్తి లేదు, పేరు ఉంటే అర్హత లేదు. ఒకే కుటుంబంలోని రెండు తరాలను ఒకే నిర్వచనంతో రెండు విధాలుగా వెళ్ళగొట్టిన శాస్త్రం ఇది. శాస్త్రం మారకపోతే పాట ఆగదు. మనల్ని వదిలి ముందుకు పోతుంది. పాట పోయిన దారిలో పేర్లు రాసుకుంటూ నడవడం పరిశోధకుడి పని. మొదటగా రాయవలసింది పాడుతున్న మనిషి పేరు.